సిరప్ సీసాలోకి విషం ఎలా చేరుతుంది? ఫార్మసీ ప్రయోగశాల చెప్పే పాఠం

ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాలో నాలెడ్జ్ పార్క్ ప్రాంతమంతా కళాశాలలే. వాటిలో ఫార్మసీ కళాశాలలూ ఉన్నాయి. ఇంటర్ పూర్తిచేసి బి.ఫార్మసీలో చేరిన విద్యార్థి కొత్త మందులు కనిపెట్టడం నేర్చుకుంటానన్న ఆశతో వస్తాడు. మొదటి సెమిస్టరులో అతని చేతికి వచ్చే పనులు వేరు. పంచదారతో సిరప్ తయారుచేయాలి. పిల్లలకిచ్చే పారాసిటమాల్ ఎలిక్సిర్ కలపాలి. రెండు గాజు గొట్టాలను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ మసకబారిందో చూడాలి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్ణయించిన సిలబస్ దేశమంతటికీ ఒకటే కాబట్టి గుంటూరులో చదివినా, గ్రేటర్ నోయిడాలో చదివినా ఈ ప్రయోగాలు తప్పవు.

చాలామందికి ఇవి విసుగు పుట్టిస్తాయి. కానీ వాటి అవసరం ఏమిటో అదే జిల్లాలో జరిగిన ఒక ఘటన చూపించింది. నోయిడాలో తయారైన దగ్గు సిరప్ తాగిన 18 మంది పిల్లలు మరణించారని 2022 డిసెంబరులో ఉజ్బెకిస్థాన్ ఆరోగ్య శాఖ ప్రకటించింది. సిరప్‌లో ఎథిలీన్ గ్లైకాల్ ఉందని తెలిపింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీచేసింది. ఆ తర్వాత తయారీ సంస్థ లైసెన్సు రద్దయింది.

నీళ్లు ఎందుకు చాలవు?

సిరప్‌లో ఇలాంటి రసాయనం ఎందుకుంటుంది? జవాబు ఎలిక్సిర్ ప్రయోగంలోనే ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 1.4 గ్రాముల పారాసిటమాల్ మాత్రమే కరుగుతుంది. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మోతాదు కావాలంటే 100 మిల్లీలీటర్లలో 2.5 గ్రాములు కరగాలి. అంటే నీళ్లు ఒక్కటే చాలవు. మిగిలిన మందు అడుగున పేరుకుంటే మొదటి చెంచాలో తక్కువ, చివరి చెంచాలో ఎక్కువ వెళుతుంది.

అందుకే నీటితోపాటు ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రావణులను కలుపుతారు. తగిన మోతాదులో ఇవి సురక్షితమే. మందును కరిగించి ఉంచుతాయి, సిరప్‌కు చిక్కదనాన్నీ తీపినీ ఇస్తాయి.

ఒకేలా కనిపించే ద్రవాలు

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. డైఎథిలీన్ గ్లైకాల్, ఎథిలీన్ గ్లైకాల్ కూడా రంగు లేని, తియ్యని, కాస్త చిక్కని ద్రవాలే. వాహనాల ఇంజన్లను చల్లబరిచే ద్రవాల్లో, బ్రేక్ ద్రవాల్లో, పరిశ్రమల్లో వీటిని వాడతారు. ఔషధ ప్రమాణాలున్న ద్రావణి కన్నా ఇవి చవక. పీపాలు చేతులు మారే దారిలో కల్తీ జరిగినా, లేబుల్ మారినా కంటితో గుర్తుపట్టలేం, వాసనతోనూ పోల్చుకోలేం.

శరీరంలోకి వెళ్లాక కాలేయంలోని ఎంజైములు వీటిని మారుస్తాయి. డైఎథిలీన్ గ్లైకాల్ నుంచి డైగ్లైకాలిక్ ఆమ్లం ఏర్పడి మూత్రపిండాల సన్నని నాళికల్లోని కణాలను చంపుతుంది. ఎథిలీన్ గ్లైకాల్ ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాల్లో పేరుకుంటుంది. ముందు వాంతులు, కడుపునొప్పి వస్తాయి. తర్వాత మూత్రం తగ్గిపోతుంది. శరీరం చిన్నది కాబట్టి పిల్లలకు ప్రమాదం ఎక్కువ.

ఇది కొత్త ముప్పు కాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందును డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మితే 100 మందికి పైగా చనిపోయారు. అమ్మకానికి ముందే మందు సురక్షితమని చూపాలన్న చట్టం అక్కడ మరుసటి ఏడాది వచ్చింది. 1986లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్ 14 మందిని బలిగొంది. 2022లో గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు మరణించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడ వాడిన సిరప్‌లో 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తమిళనాడు ఔషధ నియంత్రణ విభాగం పరీక్షలో తేలింది.

రెండు గొట్టాల పాఠం

ఏ పదార్థమూ నూరుశాతం శుద్ధంగా ఉండదు. కాబట్టి ‘మలినం ఉందా?’ అన్న ప్రశ్నతో పని జరగదు, ‘హద్దు దాటిందా?’ అని అడగాలి. మొదటి సెమిస్టరులో చేసే లిమిట్ టెస్టు ఇదే నేర్పుతుంది. క్లోరైడ్ పరీక్షలో ఒక నెస్లర్ గొట్టంలో నమూనా, రెండోదానిలో హద్దుకు సరిపడా క్లోరైడ్ ఉన్న ప్రామాణిక ద్రావణం తీసుకుంటారు. రెండింటికీ సజల నైట్రిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ కలిపి 5 నిమిషాలు ఆగి, నల్లని నేపథ్యంలో పోలుస్తారు. నమూనా ఎక్కువ మసకబారితే అది పనికిరాదు.

ద్రావణుల్లో ఈ రెండు గ్లైకాళ్లకూ ఉన్న హద్దు 0.1 శాతం. వంద కిలోల పీపాలో 100 గ్రాములన్నమాట. ఛింద్వాడా సిరప్‌లో దొరికింది దానికి 480 రెట్లకు పైనే. అంత చిన్న పరిమాణాన్ని కొలవడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి. నమూనాను ఆవిరిగా మార్చి సన్నని పొడవాటి గొట్టం గుండా పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయంలో బయటికి వస్తుంది. ఒకేలా కనిపించే ద్రవాలు అక్కడ విడిపోతాయి. విద్యార్థి దీన్ని ఏడో సెమిస్టరులో చదువుతాడు. పరికరం మారినా మొదటి సెమిస్టరు నియమమే వర్తిస్తుంది: ప్రామాణికంతో పోల్చాలి, హద్దు దాటితే ఆపాలి.

ఇలాంటి ప్రమాణాలుండే ఇండియన్ ఫార్మకోపియాను ప్రచురించే కమిషన్ పొరుగునే ఉన్న గాజియాబాద్‌లో ఉంది. 2023 జూన్ నుంచి ఎగుమతి చేసే దగ్గు సిరప్‌లకు ప్రభుత్వ ప్రయోగశాలల పరీక్ష తప్పనిసరైంది. అయితే ప్రమాణం పుస్తకంలో ఉన్నంత మాత్రాన రక్షణ దొరకదు. ముడిసరుకు వచ్చిన రోజే ప్రతి పీపా నుంచీ నమూనా తీసి పరీక్షించే మనిషి కావాలి. ఫలితం తేడాగా ఉంటే ఉత్పత్తి ఆగిపోయినా సరే ‘వద్దు’ అని రాసి సంతకం చేయాలి. బి.ఫార్మసీ నాలుగేళ్లలో తయారయ్యేది ఆ మనిషే.

ఇళ్లలోనూ కొంత జాగ్రత్త అవసరం. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025లో సూచించింది. సిరప్ తాగిన పిల్లలకు మూత్రం తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సీసాను పారేయకుండా వెంట ఉంచుకోవాలి. దానిమీది బ్యాచ్ నంబరు మరికొందరు పిల్లలను కాపాడవచ్చు. మందుల దుష్ప్రభావాలను 1800-180-3024 నంబరుకు ఎవరైనా తెలపవచ్చు.