కంప్యూటర్‌కు 'ట్యూనప్' వైద్యం: మేలు కన్నా కీడే ఎక్కువ

సూరత్‌లోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు వినబడటం వింతేమీ కాదు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వెళ్లిన కుటుంబాలు ఆ వైపు స్థిరపడ్డాయి. ఈ వస్త్ర నగరంలో ఇప్పుడు కంప్యూటర్ కూడా ఓ పనిముట్టే. ఎంబ్రాయిడరీ డిజైన్ల పంచింగ్, జీఎస్టీ బిల్లులు, వ్యాపారులకు పంపే చీరల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి.

అలాంటి ఓ చిన్న యూనిట్‌లో ఆరేడేళ్ల నాటి కంప్యూటర్ బాగా నెమ్మదించిందనుకుందాం. ఒక్క డిజైన్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది. ఇంతలో తెరపై ఎర్రటి అక్షరాలు: 'మీ కంప్యూటర్‌లో 1,200 లోపాలున్నాయి. వెంటనే సరిచేయండి'. స్కాన్ ఉచితమే, సరిచేయడానికి మాత్రం డబ్బు కట్టాలి. పని ఆగిపోతోందన్న కంగారులో బటన్ నొక్కేయడం తేలిక. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ లోపాలు నిజమైనవేనా?

జ్వరాన్ని థర్మామీటర్ కొలుస్తుంది. ఏ థర్మామీటర్‌తో చూసినా ఇంచుమించు ఒకే అంకె వస్తుంది. కంప్యూటర్ 'లోపాల'కు అలాంటి ఉమ్మడి కొలమానం లేదు. బ్రౌజర్ దాచుకున్న కుకీ, తాత్కాలిక ఫైలు, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రామ్ మిగిల్చిన చిరునామా... ఇలా దేన్నైనా ఒక్కో లోపంగా లెక్కిస్తే సంఖ్య సులువుగా వెయ్యి దాటుతుంది.

కొన్నిసార్లు ఆ లెక్క కూడా ఉండదు. ఆఫీస్ డిపో అనే అమెరికా దుకాణాల సంస్థ 'పీసీ హెల్త్ చెక్' పేరుతో కంప్యూటర్లను పరీక్షించేది. మొదట అడిగే నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి 'అవును' అని టిక్ పెట్టినా మాల్‌వేర్ లక్షణాలున్నట్టు ఫలితం వచ్చేదని, స్కాన్‌తో దానికి సంబంధమే లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆఫీస్ డిపో, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు 2019లో ఒప్పుకున్నాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ సంస్థలు ఇలాంటి కేసులోనే 2.6 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించాయి.

మన దేశంలోనూ సాంకేతిక సహాయం పేరుతో మోసం చేసే ముఠాలున్నాయి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులతో సహా పలు కేసుల్లో 2023 అక్టోబర్‌లో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరిట 76 చోట్ల సోదాలు జరిపింది.

రిజిస్ట్రీని కదిలిస్తే ఏమవుతుంది?

విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ ఎక్కడుంది, ఎలా నడవాలి వంటి వివరాలన్నీ 'రిజిస్ట్రీ' అనే పట్టికలో ఉంటాయి. అందులోని పాత నమోదులను తీసేస్తే వేగం పెరుగుతుందని ట్యూనప్ సాఫ్ట్‌వేర్లు చెబుతాయి. కానీ విండోస్ ఆ పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదవదు. కావలసిన పద్దు దగ్గరికి నేరుగా వెళ్తుంది. పనికిరాని పద్దులు కొన్ని వందలున్నా వేగంలో తేడా కనబడదు.

తీసేయడంలో మాత్రం ప్రమాదం ఉంది. మగ్గం మీది పడుగులో అనవసరమనుకుని ఒక్క పోగు లాగితే దాని ప్రభావం గుడ్డ పొడవునా కనిపిస్తుంది. రిజిస్ట్రీలోనూ అంతే. తప్పు పద్దు పోతే ప్రోగ్రామ్ తెరుచుకోదు, ఒక్కోసారి విండోస్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ కూడా స్పష్టం చేసింది.

'ర్యామ్ బూస్టర్ల' సంగతీ ఇంతే. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో విండోస్ తరచూ వాడే ఫైళ్లను ముందే పెట్టుకుంటుంది. బూస్టర్ వాటిని బయటికి తోస్తే ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. ఆ ఫైళ్లు మళ్లీ కావాల్సినప్పుడు డిస్క్ నుంచి తెచ్చుకోవాలి కనుక పని ఇంకా ఆలస్యమవుతుంది.

పేరున్న సాఫ్ట్‌వేర్ అయితే భయం లేదా?

ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు కంప్యూటర్‌లో దేన్నైనా మార్చే అధికారం ఇస్తాం. కంపెనీ మంచిదే అయినా, దాని సర్వర్లలో దొంగలు పడితే ఆ అధికారం వాళ్ల చేతికి వెళ్తుంది. 2017లో సీక్లీనర్ విషయంలో జరిగింది అదే. ఆ ఏడాది ఆగస్టులో విడుదలైన 5.33 వెర్షన్‌లో దాడి చేసినవారు హానికర కోడ్‌ను చొప్పించారు. దానిపై కంపెనీ అసలైన డిజిటల్ సంతకం ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. సెప్టెంబర్‌లో బయటపడేసరికి అది దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది.

వేగం తగ్గడానికి అసలు కారణాలు

మందుకు ముందు పరీక్ష ముఖ్యం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లలో ఏది ఎప్పుడూ నిండుగా ఉందో అందులో కనిపిస్తుంది.

డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే కారణం పాత హార్డ్ డిస్క్ కావచ్చు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టు పూర్తి కావడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ మిల్లీసెకనులో చిన్న వంతులోనే సమాచారం అందిస్తుంది. పాత యంత్రానికి ఎస్ఎస్‌డీ అమర్చితే వచ్చే తేడా ఏ ట్యూనప్‌తోనూ రాదు.

రెండో కారణం వేడి. మరమగ్గాల దగ్గర గాల్లో తేలే నూలు ధూళి ఫ్యాన్‌లో, గాలి దారుల్లో పేరుకుంటుంది. లోపలి వేడి బయటికి పోదు. ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్ని సాఫ్ట్‌వేర్ తుడవలేదు. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని బ్లోయర్‌తో ధూళి ఊదాలి.

సురక్షితమైన నిర్వహణ

• టాస్క్ మేనేజర్‌లోని 'స్టార్టప్' విభాగంలో, కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే అనవసర ప్రోగ్రామ్‌లను ఆపేయండి.

• విండోస్‌లోనే ఉన్న 'స్టోరేజ్ సెన్స్'తో తాత్కాలిక ఫైళ్లు తొలగించండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం మీరే చూసి ఖాళీ చేసుకోండి.

• ఎస్ఎస్‌డీ ఉంటే వేరే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ వాడొద్దు. దానికి కావలసిన సంరక్షణ విండోసే చేసుకుంటుంది.

• అప్‌డేట్లు ఆపవద్దు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, మీ యంత్రం విండోస్ 11కు మారగలదేమో చూసుకోండి.

• డిజైన్లు, లెక్కలు వేరే డ్రైవ్‌లో కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక ఆ డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే?

ముందు ఇంటర్నెట్ ఆపి, సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి దాన్ని తొలగించండి. తర్వాత విండోస్ సెక్యూరిటీతో పూర్తి స్కాన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా మాల్‌వేర్ తొలగించే ఉపకరణాలను ఉచితంగా ఇస్తోంది. ఎవరికైనా కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే వీలు ఇచ్చి ఉంటే, మరో పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930 నంబర్‌కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

నెమ్మదించిన కంప్యూటర్ ఓ పూట పని ఆలస్యం చేస్తుంది. విండోస్ చెడితే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కాపీ లేని డిజైన్లు పోతే మాత్రం మళ్లీ మొదటి కుట్టు నుంచి గీసుకోవాల్సిందే. అందుకే ఎర్రటి హెచ్చరిక కనబడినప్పుడు ఆ బటన్ నొక్కకండి. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి.