ఇల్లడగా వచ్చిన ప్రాణి: తప్పిపోయిన ఫెర్రెట్టు

తెనాలి ప్రాంతమునుండి మా శ్రోతలలో ఒక పెద్దావిడ మాకొక జాబు వ్రాసిరి. "అయ్యా, మా అమ్మాయి కాపురం ఇంగ్లండులో, లెస్టరు పట్టణంలో. నిన్న వాళ్ల పెరట్లో చెక్కకొట్టు కింద ముంగిసలాంటి జంతువొకటి కనబడింది. మనుషులను చూస్తే పారిపోదు సరికదా, దగ్గరకు వచ్చి చెప్పులు వాసన చూస్తున్నది. పిల్లలు ఇంట్లోకి తెచ్చారు. మాది మాంసం ముట్టని కుటుంబం. పెరుగన్నం పెడితే మూతి తిప్పుకున్నది. పాలు పోస్తే తాగింది కాని విరేచనాలు పట్టుకున్నవి. ఎవరిదో ఏమో తెలియదు. దానిని ఏం చేయాలో చెప్పండి" అని అందలి సారాంశము.

ఆ ప్రాణి మా ప్రత్యుత్తరముకొరకు వేచియుండగలది కాదు. కావున ఒక పశువైద్యుని సంప్రదించి, జాబు అందిన దినముననే టెలిఫోనులో ఆమెకు బదులు చెప్పితిమి. అయినను మన యిండ్లనుండి బ్రిటనుకును అమెరికాకును వెళ్లి స్థిరపడిన బిడ్డలు నేడు ఎందరో ఉన్నారు. ఇట్టి అతిథి రేపు మరియొకరి గడపయు త్రొక్కవచ్చును. అందుచే నాడు చెప్పినదానినే ఇచట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఆ ప్రాణి పేరు ఫెర్రెట్టు. ముంగిస అని భ్రమపడుట సహజమే. పొడవైన నడుము, పొట్టి కాళ్లు, నిలుకడలేని ముక్కు రెండింటికిని కలవు. కాని ముంగిసది వేరు కుటుంబము. ఫెర్రెట్టు మన నదీతీరములందు సంచరించు నీటికుక్కకు చుట్టము. ఐరోపా ఖండమున పోల్‌క్యాట్టు అను అడవిజంతువు కలదు. దానిని మచ్చిక చేయగా ఏర్పడినదే ఫెర్రెట్టు. సుమారు రెండువేల యేండ్లకు పూర్వము గ్రీకు భూగోళవేత్తయగు స్ట్రాబో, స్పెయిను దేశపు రైతులు కుందేళ్ల బాధ పడలేక, వాని బొరియలలోనికి వదలుటకై లిబియానుండి తెచ్చిన ఇట్టి జంతువులను గూర్చి వ్రాసియున్నాడు. దాని పేరునకు మూలము దొంగ అను అర్థముగల లాటిను మాట. తాళపుచెవులు, మేజోళ్లు మొదలగువానిని నోట కరచుకొనిపోయి మూలల దాచు అలవాటు దానికి నేటికిని పోలేదు. మగది ఒకటి రెండు కిలోల బరువు తూగును. ఆడది అంతకన్న చిన్నది.

బ్రిటనులో అడవి పోల్‌క్యాట్లు ఇంకను మిగిలియున్నవి. వానిని చట్టము కాపాడుచున్నది. కనుక కనబడిన దానినెల్ల పట్టరాదు. అడవిది మనుష్యుని అలికిడి వినగానే తప్పుకొనును. తనంతట తాను కాళ్లయొద్దకు వచ్చునది పెంపుడుదని తలంపవచ్చును. ఒళ్లెల్ల తెల్లగానుండి కన్నులు ఎఱ్ఱనైనచో ఇక సందేహింప పనిలేదు.

పెంపుడుదైనచో దానికొక యజమాని కలడు. ఈ విషయముననే మన మనస్సు ముందుగా స్థిరపడవలెను. ఒకరి సొత్తును మరియొకరి యింట నమ్మకముమీద ఉంచుటను మన పెద్దలు ఇల్లడ అనిరి. ఇల్లడ సొమ్మును వాడుకొనరాదు, పాడుచేయరాదు, అడిగిననాడు ఉన్నది ఉన్నట్లు అప్పగింపవలెను. తప్పిపోయి వచ్చిన ప్రాణి ఎవరును చెప్పకయే మనయొద్ద ఉంచిన ఇల్లడ. ఆంగ్లేయుల చట్టములును ఇంచుమించు ఈ మాటనే చెప్పుచున్నవి. ఇంగ్లండు, వేల్సులకు వర్తించు 2006 నాటి జంతుసంక్షేమ చట్టము ప్రకారము, ఒక జంతువును శాశ్వతముగా పెంచువానికివలెనే తాత్కాలికముగా ఉంచుకొన్నవానికిని దాని బాగోగుల బాధ్యత కలదు. దొరికిన వస్తువు యజమానిని తగుమాత్రపు ప్రయత్నముచే కనుగొనవచ్చునని తెలిసియు దానిని తనదిగా చేసికొన్నచో, 1968 నాటి చట్టము క్రింద అది దొంగతనముగా ఎంచబడవచ్చును. దొరికినది నాది అను సామెత అచట చెల్లదు.

ఇక పట్టుకొను విధము. నేలపై కూర్చుండి, చేతిని వాసన చూడనిచ్చి, నెమ్మదిగా మాటలాడుచు సమీపింపవలెను. ఆకలిగొన్నదియు, బెదరినదియు కరచును. అందుచే మందపు చేతితొడుగులుగాని, దళసరి తువాలుగాని ఉండుట మేలు. ఒక చేయి ముందుకాళ్ల వెనుకను, రెండవది పిఱ్ఱల క్రిందను ఉంచి ఎత్తవలెను. తోక పట్టి లాగరాదు. కరచి పట్టినచో చేతిని గుంజుకొనరాదు, గుంజినకొలది గాయము పెద్దదగును. గాయమైనచో సబ్బునీట బాగుగా కడిగి వైద్యునికి చూపవలెను. అట్టపెట్టెలో ఉంచినచో కొరికి బయటపడును. పిల్లులను తీసికొనిపోవు గట్టి బుట్ట సరిపోవును.

అన్నింటికన్న చిక్కు తెచ్చునది ఆహారము. ఫెర్రెట్టు కేవలము మాంసముచే జీవించు ప్రాణి. దాని ప్రేవు పొట్టిది. తిన్నది మూడు నాలుగు గంటలలోనే బయటకు పోవును. కనుక అది దినమున పలుమార్లు కొంచెము కొంచెము తినవలెను. ఒక పూట పస్తు మనకు ఉపవాసము, దానికి ప్రాణాపాయము. అన్నము, రొట్టె, పండ్లు, చక్కెర దానికి ఆహారము కావు. పాలలోని చక్కెరను అది జీర్ణించుకొనలేదు. లెస్టరులో విరేచనములు పట్టుటకు కారణమదియే. పూర్వము ఇంగ్లండులోనే రొట్టెను పాలలో నానబెట్టి దీనికి పెట్టెడి అలవాటు ఉండెడిది. అది తప్పని తరువాత తెలిసికొనిరి. ఉల్లిపాయ, చాక్లెటు, ద్రాక్ష దాని దరికి చేరనీయరాదు.

శాకాహారుల యింట ఇది ధర్మసంకటమే. పెద్దావిడ టెలిఫోనులో చాలసేపు మౌనము వహించిరి. "మా వంటింట్లోకి ఆ వాసన రాకూడదండీ" అనిరి. రానక్కరలేదని చెప్పితిమి. ఆ దేశమున పిల్లికూనలకొరకు మాంసముతో చేసిన ఆహారము డబ్బాలలోను, ఎండు గుళికలుగాను అంగళ్లలో అమ్ముదురు. ఫెర్రెట్లకై ప్రత్యేకముగా తయారైనదియు దొరకును. దానికొక పళ్లెము, ఒక చెంచా కేటాయించి, వంటింటికి దూరముగా కారుకొట్టులో ఉంచుకొనవచ్చును. మన నియమము మన నోటికి, దాని నోటికి దాని ప్రకృతియే నియమము. పెరుగన్నముతో దానిని పస్తు పెట్టి మనము అహింసను పాటించితిమనుకొనుట సరికాదు. ఆమె ఒప్పుకొనిరి. తుదకు కూతురును ఒప్పించినది ఆమెయే.

నీరు ఎల్లప్పుడు ఉండవలెను. తేలిక గిన్నెను తలక్రిందులు చేయును, కావున బరువైన దానిని ఉంచవలెను.

బసకు ఒక చిన్నగది చాలును. కాని ఆ గదిని ఫెర్రెట్టు కంటితో ఒకమారు పరీక్షింపవలెను. తల దూరిన సందున దాని ఒళ్లంతయు దూరును. తలుపుక్రింది సందులు, గొట్టములు పోవు రంధ్రములు మూసివేయవలెను. బట్టలుతుకు యంత్రమును నడుపుటకు ముందు లోపల చేయిపెట్టి చూడవలెను. మడతకుర్చీలను, వెనుకకు వాలు సోఫాలను కదపరాదు. వాని ఇనుపకీళ్ల నడుమ నలిగి చచ్చిన ఫెర్రెట్లు కలవు. రబ్బరు, స్పాంజి కనబడిన కొరికి మ్రింగును. అవి ప్రేవులో అడ్డుపడినచో శస్త్రచికిత్స తప్పదు. పాత నూలుచొక్కా పడకగా వేసి, ఒక మూల కాగితములు పరచినచో అది తరచు ఆ మూలనే మలవిసర్జన చేయును.

అది దినమునకు 14 నుండి 18 గంటలు నిద్రించును. ఒక్కొక్కప్పుడు ఎత్తి కదపినను మేల్కొనదు, మెడ వాలిపోవును. పిల్లలు చచ్చినదని ఏడ్వ మొదలిడుదురు. ఒడిలో వెచ్చగా ఉంచి వేచియున్నచో కొన్ని నిమిషములలో ఆవులించి లేచును. లేచిన పిదప వీపు విల్లువలె వంచి, ప్రక్కలకు ఎగురుచు, కొక్కొక్కుమను శబ్దము చేయును. అది కోపము కాదు, ఆటకు పిలుపు.

వేడి దానికి శత్రువు. మనకువలె చెమటపట్టి చల్లబడు శక్తి దానికి లేదు. ఉష్ణము 27 డిగ్రీలు దాటిననాడు జాగ్రత్త వహింపవలెను. ఎండలో నిలిపిన కారులో క్షణమైనను విడువరాదు. నోరు తెరచి రొప్పుచు సోలిపోయినచో, చల్లని నీట తడిపిన గుడ్డతో పాదములు, పొట్ట తుడుచుచు వైద్యునికడకు కొనిపోవలెను. మంచునీట ముంచరాదు. వెనుకకాళ్లు ఈడ్చుట, చొల్లు కార్చుచు మూతిని గోకుకొనుట, విరేచనములు ఆగకుండుట కూడ ఆలస్యము పనికిరాని లక్షణములు. ఇంట కుక్కయున్నచో దానిని వేరుగా ఉంచవలెను. కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను వ్యాధి ఫెర్రెట్టుకు సోకినచో బ్రతుకుట దాదాపు అసాధ్యము.

మన జలుబు జ్వరములును దానికి అంటును. ఈ సంగతి వైద్యచరిత్రలో ఒక ఘట్టము. 1933లో లండనులో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు, ఇన్‌ఫ్లుయెంజా రోగుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్ల ముక్కులలో వేయగా వానికిని ఆ జ్వరము వచ్చినది. మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజాకు కారణము ఒక వైరస్ అని ఆ ప్రయోగము స్థాపించినది. కొంతకాలమునకు రోగియైన ఫెర్రెట్టు ఒకటి తుమ్మగా, దానిని పరీక్షించుచున్న స్టువర్ట్ హారిస్ అను వైద్యునికి ఆ జ్వరము సోకినది. ఆ ఉదంతము 1936లో ప్రకటితమైనది. కావున ఇంట ఎవరికైన జలుబున్నచో వారు దానికి దూరముగా ఉండుట ఉభయులకును క్షేమము.

ఇంతవరకు చెప్పినదెల్ల ప్రాణము నిలుపుటకు. రెండవ కర్తవ్యము యజమానిని వెదకుట. మొదటి దినముననే పశువైద్యునికడకు కొనిపోవలెను. కొందరు యజమానులు ప్రాణి భుజముల నడుమ చర్మముక్రింద బియ్యపుగింజంత చిప్పును పెట్టింతురు. చదువు యంత్రమును పైన త్రిప్పగా అందలి సంఖ్య తెలియును, దానినిబట్టి యజమాని చిరునామా బయటపడును. చిప్పు లేనిచో చుట్టుప్రక్కల యిండ్లవారిని అడుగవలెను, వైద్యశాలలలోను అంగళ్లలోను ప్రకటన అంటింపవలెను, జంతుశరణాలయములకు తెలుపవలెను. ప్రకటనలో ఫెర్రెట్టు దొరికినదని మాత్రమే వ్రాసి గుర్తులన్నియు బయటపెట్టకుండుట వివేకము. మగదో ఆడదో, మచ్చ ఎచటనున్నదో వచ్చినవారినే చెప్పనిండు. హనుమంతుడంతవాడే ఆనవాలు చూపనిదే సీతమ్మ నమ్మలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రములలో ఫెర్రెట్టును పెంచుటయే నిషిద్ధము. అచటి మనవారు ముందుగా అధికారులనుగాని పశువైద్యునిగాని సంప్రదించి నడచుకొనవలెను.

యజమాని దొరకనంత మాత్రమున పొలములో విడచుట దయ కాదు. పెంపుడు ఫెర్రెట్టులలో పెక్కింటికి వేటాడి పొట్టపోసికొను నేర్పు ఉండదు, అవి కొద్దిదినములలో చచ్చును. బ్రతికినవి ఇతర ప్రాణులకు చేటు. 19వ శతాబ్దిలో కుందేళ్లను అణచుటకై న్యూజీలండులో ఫెర్రెట్లను వదలిరి. అవి ఎగురలేని పక్షులను, నేలపై గూడుకట్టు పక్షులను పొట్టన బెట్టుకొనినవి. తుదకు 2002 నుండి ఆ దేశమున వాని అమ్మకమును, పెంపకమును నిషేధించిరి. కనుక యజమాని కానరానిచో శరణాలయమునకు అప్పగించుటయే మార్గము.

లెస్టరు కథ సుఖాంతమైనది. నాలుగవనాడు పెద్దావిడ మరల వ్రాసిరి. చిప్పులోని సంఖ్యనుబట్టి యజమాని తెలిసినాడట. రెండు వీధుల అవతల ఒంటరిగా నివసించు వృద్ధుడు. మూడు రాత్రులు తలుపు తెరచియుంచి కూర్చుండెనట. ప్రాణిని చేతికీయగానే అది అతని కోటులోపల దూరి నిద్రపోయినదట. మనుమరాలు మాత్రము ఏడుపు ఆపలేదు. "మనదే అయితే బాగుండేది కదా, అమ్మమ్మా!" అన్నదట. దానికి ఆమె చెప్పిన సమాధానమును జాబులోనుండి ఉన్నదున్నట్లు ఇచ్చుచున్నాము.

"మనది కాదు గనుకనే అమ్మా, ఇంటిల్లిపాదీ అంత జాగ్రత్తగా చూశాం."