పత్రంలో అంకె, బిందెలో నీళ్లు

తాగునీటి ఫ్లోరైడ్ గురించిన పుస్తకాల్లో నల్లగొండ పేరు తరచూ వస్తుంది. మన బోరు నీళ్లు మన ఎముకలకు చేసిన చేటు వల్ల వచ్చిన పేరది. ఆ చేటును కొలిచినవాళ్లు, విరుగుడు వెతికినవాళ్లు తమ ఫలితాలను జర్నళ్లలో అచ్చువేశారు. వాటిని నమ్మి ఇంజనీర్లు ట్యాంకులు కట్టారు, డాక్టర్లు మందులు రాశారు. అచ్చులో అంకె తప్పితే ఆ తప్పు చివరికి బిందెలోకే చేరుతుంది. అందుకే శాస్త్ర ప్రచురణలో నీతి ప్రొఫెసర్లతో పాటు మనందరికీ సంబంధించిన విషయం. ఆ నీతి కథలో మన నేలకు దగ్గరగా ఉన్న విశేషాలు కొన్ని ఇక్కడ.

ముందువారి పేరు చెప్పడం

1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్ మీద ఒక పత్రం ప్రచురించింది. రచయిత ఎ.హెచ్.సిద్దిఖీ. అంతకు 18 ఏళ్ల ముందే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇదే జబ్బు గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు కలిసి రాశారు. ఇవాళ ఫ్లోరోసిస్ మీద వెలువడే పత్రాల్లోనూ ఈ పాత పేర్లు కనిపిస్తాయి. ఎవరు ముందు చూశారో వారి పేరు చెప్పడం ప్రచురణ నీతిలో మొదటి మెట్టు.

ఊరి పేరే పద్ధతికి పేరు

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు 1970లలో ఫ్లోరైడ్ తీసే ఒక చవక పద్ధతిని రూపొందించారు. దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. ఇంట్లో చేసుకునే తీరు ఇది: బకెట్ నీళ్లలో కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్, లెక్క ప్రకారం పటిక వేసి పది నిమిషాలు మెల్లగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంపుకోవాలి. ఈ పద్ధతి టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది.

ఇక్కడ కీలకం 'లెక్క ప్రకారం' అన్న మాటే. పటిక ఎంత వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్ మీద, క్షారత మీద ఆధారపడుతుంది. ఆ లెక్కలు పత్రాల్లోని పట్టికల్లో ఉంటాయి. పట్టికలో అంకె తక్కువైతే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, ఎక్కువైతే అల్యూమినియం, సల్ఫేట్ మిగిలిపోతాయి. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంత సన్నని గీత దగ్గర కల్పిత అంకెలకు చోటు లేదు.

లోపం రాయడమూ నీతే

ఈ పద్ధతిలో అల్యూమినియం మిగులుతుందనీ, మడ్డి పారబోయడం కష్టమనీ తర్వాతి పరిశోధకులు దాచకుండా రాశారు. పేరున్న పద్ధతి కదా అని మొహమాటపడలేదు. పని చేయనిదాన్ని పని చేయలేదని అచ్చువేయడం పరిశోధకుడి బాధ్యత. అనుకూలంగా వచ్చిన ఫలితాలే రాసి మిగతావి సొరుగులో పెడితే, తర్వాత వచ్చేవాడు అదే గుంతలో పడతాడు.

కళ్ల మీద నల్ల గీత సరిపోదు

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్.కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 'లాన్సెట్'లో ఒక పత్రం రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి అది వైద్యలోకాన్ని హెచ్చరించింది.

వంగిన కాళ్లు, బిగిసిన వెన్ను ఉన్న మన మనుషుల ఫొటోలు దశాబ్దాలుగా ఎన్నో చోట్ల అచ్చయ్యాయి. ఇప్పుడు వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం స్పష్టంగా ఉంది. మనిషి గుర్తుపట్టేలా ఉంటే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కళ్ల మీద నల్ల గీత గీస్తే గుట్టు దాచినట్టు కాదు. రోగి పరిశోధకుడికి ఇచ్చింది తన శరీరం గురించిన సమాచారం. దాని మీద మొదటి హక్కు రోగిదే.

అదే లాన్సెట్, ఇంకో పాఠం

1998లో అదే లాన్సెట్ ఒక టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టే పత్రం ప్రచురించింది. అందులోని అవకతవకలు బయటపడ్డాక 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. ఈలోగా 12 ఏళ్లు గడిచాయి, టీకాలంటే భయం ఎన్నో దేశాలకు పాకింది. ఎంత పెద్ద జర్నల్‌కైనా పొరపాటు జరగవచ్చు. తప్పును బహిరంగంగా ఒప్పుకుని, పత్రాన్ని మాయం చేయకుండా 'ఉపసంహరించాం' అనే ముద్రతో ఉంచడం పద్ధతి. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించిన పత్రాలు 10,000 దాటాయి.

నల్లమల చెంచుల అనుమతి

అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అప్పట్లో ఆ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంది. 2003లో అమెరికా జన్యుశాస్త్ర జర్నల్‌లో వచ్చిన ఒక ప్రముఖ పత్రం చెంచుల, కోయల డీఎన్ఏను ఆధారం చేసుకుని భారతీయుల మూలాలను చర్చించింది. చెంచులు లోకానికి ఇచ్చిన విజ్ఞానం చిన్నది కాదు.

అలాంటి సమూహాల మీద పరిశోధన చేయాలంటే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, గూడెం పెద్దమనిషి సరేనన్నా ప్రతి వ్యక్తి అనుమతీ విడిగా తీసుకోవాల్సిందే. అదీ వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి తీసుకోవాలి.

పక్క జిల్లా చేదు అనుభవం

2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన వివరాల ప్రకారం 9,543 అనుమతి పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి, 1,948 వేలిముద్రలు వేసినవి. నీతిని పాటించని పరిశోధనను జర్నళ్లు ప్రచురణకు తీసుకోకూడదని వైద్య పరిశోధన నీతిపై వెలువడిన హెల్సింకి ప్రకటన చెబుతోంది. సంపాదకుడు ఆ గేటు దగ్గర గట్టిగా నిలబడితే, అడవిలోని హాస్టల్ పిల్లకు రక్షణ దొరుకుతుంది.

పేరు ఎవరిది?

1925లో అచ్చయిన భాస్వరం కొలిచే విధానాన్ని ఇప్పటికీ 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అంటారు. ఆ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావే. ఆయన చేసిన పని కొంత, తోటి పరిశోధకుడు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, దాన్ని తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పాడు.

వైద్య జర్నళ్ల సంపాదకుల కమిటీ ఇప్పటి నియమం ప్రకారం పత్రం మీద రచయితగా పేరు ఉండాలంటే నాలుగు షరతులు: పనిలో గణనీయమైన పాలు, రాతలో పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పత్రానికి జవాబుదారీతనం. కుర్చీ పెద్దదని పేరు చేర్చడం, కష్టపడ్డ స్కాలర్ పేరు తీసేయడం రెండూ తప్పే. తప్పొస్తే జవాబు చెప్పలేదు కాబట్టి కృత్రిమ మేధకు రచయిత హోదా ఉండదని ప్రచురణ నైతికతా సంఘం 'కోప్' 2023లో తేల్చింది.

హైదరాబాద్ నుంచి అమెరికా కోర్టు దాకా

హైదరాబాద్ కేంద్రంగా వందలాది జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సాటి శాస్త్రవేత్తల పరిశీలన జరిగిందని తప్పుగా చెప్పారని, ఫీజుల సంగతి ముందు చెప్పలేదని, అంగీకారం లేకుండా ప్రముఖుల పేర్లను సంపాదకులుగా చూపారని ఆరోపణ. 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది.

2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ కావాలనే తప్పులతో రాసిన బూటకపు పత్రాన్ని 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు ఒప్పుకున్నాయి. ఇలాంటి జర్నళ్లకు ఫీజు కట్టేవాళ్లలో మన ఊళ్ల నుంచి వెళ్లిన పేద, మధ్యతరగతి స్కాలర్లూ ఉంటారు. డబ్బుతో పాటు వాళ్ల పేరూ పోతుంది.

మన రెండు విశ్వవిద్యాలయాలకూ వర్తించే లెక్క

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటి 40 దాకా ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల్లో సరిదిద్ది ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది పాటు సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదే ఏడాది మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేసింది. ఆ తర్వాత పీహెచ్‌డీ స్కాలర్లందరికీ పరిశోధన, ప్రచురణ నీతి మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పత్రం అచ్చువేయించాలన్న షరతు ఎత్తేసింది. తొందరలో దొంగ జర్నళ్ల పాలపడే అవసరం అలా తగ్గింది.

స్కాలర్లకూ, చదివేవారికీ

నల్లగొండ, పాలమూరు స్కాలర్లకు ఒక మనవి. పొగడ్తలతో మెయిల్ పంపి వారంలో అచ్చు వేస్తామనే జర్నల్‌కు డబ్బు కట్టకండి. సంపాదకవర్గంలో ఉన్నవారికి ఒక్క మెయిల్ పెట్టి అడగండి. చదివిన పత్రం ఉపసంహరించినదేమో చూశాకే ఉటంకించండి. ఏ పల్లెలో నీళ్లు పట్టారో, ఏ తేదీన పరీక్షించారో నోటు పుస్తకంలో రాసి దాచండి. ఫలితం అచ్చయ్యాక ఆ పల్లెకు వెళ్లి, వాళ్ల బోరు నీళ్లలో ఏముందో వాళ్లకు తెలుగులో చెప్పండి. నీళ్లిచ్చిన పల్లెకు చేరని పరిశోధన సగమే పూర్తయినట్టు.