మెషిన్ చెప్పింది కదా, ఇంకేం కావాలి?

మాత్రలో క్యాన్సర్ కారకం, కారంలో పురుగుమందు, తేనెలో చక్కెర పాకం... ఇలాంటి వార్త ఏది వచ్చినా వెనక ఒక ల్యాబ్ రిపోర్టు ఉంటుంది. ఆ రిపోర్టు చాలాసార్లు క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే జంట ఇచ్చినదే. మొదటిది మిశ్రమాన్ని విడగొడుతుంది. రెండోది అలా విడివడి వచ్చిన అణువులకు విద్యుదావేశం ఎక్కించి, బరువును బట్టి గుర్తుపడుతుంది. జీడిమెట్ల నుంచి పరవాడ దాకా మందుల కంపెనీల క్యూసీ ల్యాబులకు ఇవే ఆధారం. గత ఇరవై ఏళ్లలో ఈ మెషిన్లు చాలా ముందుకెళ్లాయి. వాటి మీద మన అపోహలూ అంతే వేగంగా పెరిగాయి.

అపోహ: సాంపుల్ పెడితే చాలు, అందులో ఏమేం ఉన్నాయో మొత్తం జాబితా వచ్చేస్తుంది.

వాస్తవం: చాలా పరీక్షల్లో వెతికిందే దొరుకుతుంది. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందును ఎన్నో దేశాలు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాయి. చైనాలోని ఒక తయారీ సంస్థ అంతకు కొన్నేళ్ల ముందే తయారీ పద్ధతి మార్చింది. అందులో వాడిన డీఎంఎఫ్ అనే ద్రావణి, సోడియం నైట్రైట్ కలిసి ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్‌ను పుట్టించాయి. మనుషుల్లో క్యాన్సర్ కలిగించగలదని అనుమానిస్తున్న పదార్థమిది. అన్నేళ్లూ ఆ మందు పరీక్షలు పాసవుతూనే వచ్చింది. హెచ్‌పీఎల్‌సీ అనే ద్రవ క్రొమటోగ్రఫీలో పీకులన్నీ పద్ధతిగానే కనిపించాయి. ఆ మెథడ్ రాసుకున్నప్పుడు ఎన్‌డీఎంఏ పుడుతుందని ఎవరూ ఊహించలేదు. యూవీ డిటెక్టర్‌కు అంత స్వల్ప మోతాదు ఆనదు కూడా. రోజుకు 96 నానోగ్రాములు మించకూడదని తర్వాత పరిమితి పెట్టారు. 500 మిల్లీగ్రాముల మందును 50 లక్షల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగం కన్నా ఇది కాస్త తక్కువ. ఆ తర్వాత అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు కంపెనీలన్నిటినీ నైట్రోసమైన్ల ముప్పు లెక్కగట్టుకోమన్నాయి. హైదరాబాద్ ల్యాబుల్లో ద్రవ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమెట్రీని జోడించిన ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పేరు అంతగా వినిపించడానికి ఇదొక పెద్ద కారణం.

2008లో చైనా పాలపొడి విషాదంలో కథ ఇంకోలా నడిచింది. అక్కడ వాడిన పరీక్ష ప్రోటీన్‌ను నేరుగా కొలవదు. నైట్రోజన్‌ను కొలిచి, దాన్నిబట్టి ప్రోటీన్ లెక్క కడుతుంది. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ వేస్తే ప్రోటీన్ అంకె సరిపోయింది. పసిపిల్లల కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి.

అపోహ: కోట్ల రూపాయల మెషిన్ ఇచ్చిన అంకె తప్పు కాదు.

వాస్తవం: మెషిన్ సరిగ్గానే కొలిచినా, కొలిచే తీరే ఆ పదార్థాన్ని పుట్టిస్తే ఏం చేస్తాం? రానిటిడిన్ విషయంలో అదే జరిగింది. మన ఇళ్లలో గ్యాస్ మాత్రగా తెలిసిన మందే అది. 2019లో అమెరికాలోని ఒక ప్రైవేటు ల్యాబ్ ఒక్కో మాత్రలో 30 లక్షల నానోగ్రాములకు మించి ఎన్‌డీఎంఏ ఉందని చెప్పింది. ఆ అంకె వాయు క్రొమటోగ్రఫీ వాడే జీసీ-ఎంఎస్ నుంచి వచ్చింది. ఆ పద్ధతిలో సాంపుల్‌ను 130 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. అంత వేడికి రానిటిడిన్ అణువే విరిగి ఎన్‌డీఎంఏగా మారుతుంది. వేడి అక్కర్లేని ఎల్‌సీ-హెచ్‌ఆర్‌ఎంఎస్ పద్ధతిలో కొలవమని అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది. అలా చూస్తే అంకె ఎన్నో రెట్లు పడిపోయింది.

‘అయితే అదంతా ఉత్త గోలేనా’ అని కొట్టిపారేయడానికీ లేదు. నిల్వ ఉన్నకొద్దీ, ముఖ్యంగా వేడి తగిలితే, మాత్రలోనే ఎన్‌డీఎంఏ పెరుగుతోందని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ ఆ మందును మార్కెట్ నుంచి పూర్తిగా తీసేయమంది. మొదటి అంకె తప్పు, అనుమానం మాత్రం సబబే. ఈ రెండు మాటలూ ఒకే వార్తలో రాసిన పత్రికలు తక్కువ.

అపోహ: పురుగుమందు ఆనవాలు కనబడిందంటే విషమే, ‘నాట్ డిటెక్టెడ్’ అంటే బొత్తిగా లేనట్టే.

వాస్తవం: రెండూ తప్పే. ఏదైనా ఒక పురుగుమందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టనప్పుడు యూరప్ సాధారణంగా వర్తింపజేసేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల గుంటూరు మిర్చిలో ఒక్క గ్రాము. ఆ గీత దాటిన సరుకును తిప్పి పంపొచ్చు, అది చట్టం. తిన్నవాడికి హాని జరుగుతుందా లేదా అన్నది వేరే లెక్క. అది ఆ మందు ఎంత విషపూరితం, మనిషి రోజుకు ఎంత కారం తింటాడు అన్నవాటి మీద ఆధారపడుతుంది. ‘నాట్ డిటెక్టెడ్’ అంటే ఆ పద్ధతి పట్టగలిగే పరిమితికి లోపల ఉందని మాత్రమే. ఆ పరిమితి ఎంతో రిపోర్టులో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు.

1957లో శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ అనే అతి సున్నితమైన పరికరం తయారుచేశాక డీడీటీ లాంటి క్లోరిన్ మందుల అవశేషాలు ఎక్కడపడితే అక్కడ దొరకసాగాయి. అవి అంతకుముందూ అక్కడే ఉన్నాయి. మన కంటికే ఆనలేదు.

అపోహ: పరీక్ష పాసైన తేనెలో కల్తీ ఉండదు.

వాస్తవం: ఏ పరీక్ష? చెరకు, మొక్కజొన్న గాలిలోని కార్బన్‌ను తీసుకునే తీరు, తేనెటీగలు వాలే మొక్కల్లో చాలావాటి తీరు ఒకటి కాదు. అందుకే చెరకు చక్కెరలో కార్బన్-13 కాస్త ఎక్కువ. ఐసోటోప్ రేషియో మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆ తేడాను పట్టేస్తుంది. కల్తీదారులకూ ఈ సంగతి తెలుసు. వరి, బీట్‌రూట్ ఆ పూలమొక్కల కోవలోవే కాబట్టి బియ్యం పాకం కలిపితే ఈ పరీక్ష నుంచి తప్పించుకోవచ్చు. అది పట్టాలంటే ఎన్‌ఎంఆర్, హై రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటివి కావాలి. వాటినీ ఏమార్చే పాకం తయారవదని నేను పందెం కాయను.

అపోహ: కొత్తవి వచ్చాక పాత పద్ధతులకు కాలం చెల్లింది.

వాస్తవం: దగ్గు సిరప్‌లో డైథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందేమో మొదటి దశలో చూడటానికి గాజు పలక మీద చేసే టీఎల్‌సీ అనే పాత క్రొమటోగ్రఫీ నేటికీ పనికొస్తుంది. ముడిసరుకు డ్రమ్ము దగ్గరే ఆ చౌక పరీక్ష చేస్తే ఆపగలిగే మరణాలు ఉన్నాయి.

అపోహ: మాస్ స్పెక్ట్రోమెట్రీ చిన్న అణువులకే.

వాస్తవం: ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1985లో జపాన్‌లో కొయిచి తనాకా అనే ఇంజనీరు కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పారేయడం ఇష్టంలేక దానితోనే ప్రయోగం చేశాడు. పెద్ద అణువు ముక్కలవకుండా బయటపడింది. పీహెచ్‌డీ లేని ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది. ఆ ఏడాదే జాన్ ఫెన్ అనే శాస్త్రవేత్తకు కూడా, పెద్ద అణువులకు ఆవేశం ఎక్కించే ఎలక్ట్రోస్ప్రే పద్ధతికి. ఇప్పటి ఎల్‌సీ-ఎంఎస్‌లలో ఎక్కువ భాగం ఫెన్ దారిలోనే నడుస్తున్నాయి.

అపోహ: రిపోర్టు బాగుంటే సరుకంతా బాగున్నట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచే అపోహ ఇదే. వేరుశెనగలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం అన్ని గింజలకూ సమానంగా ఉండదు. బూజు పట్టిన కొద్ది గింజల్లోనే కుప్పగా ఉంటుంది. పై బస్తాలోంచి గుప్పెడు తీసి పంపితే ఎంత గొప్ప మెషినైనా ఆ గుప్పెడు సంగతే చెబుతుంది. అందుకే పెద్ద లాటయితే ఎన్నో చోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, కిలోల కొద్దీ కలిపి, మొత్తం పొడి చేసి, అప్పుడు పరీక్షిస్తారు. ఈసారి ఎవరైనా కారం ప్యాకెట్టుకో తేనె సీసాకో ల్యాబ్ రిపోర్టు చూపిస్తే అంకెల దగ్గర ఆగకండి. బ్యాచ్ నంబరు మీ చేతిలోని ప్యాకెట్టుదేనా, ఏ పద్ధతిలో పరీక్షించారు, సాంపుల్ ఎవరు తీశారు అని అడగండి.