సెలవులో దారి కూడా లెక్కే

“సెలవు దొరకదు, వేళకు ఇల్లు చేరలేం, నెట్ ఆగితే తిట్లు మాకే.” డిగ్లీపూర్ శాఖ మేనేజరుగా ఈ మాటలు విన్నప్పుడల్లా “ఎక్కడైనా ఇంతే కదా” అనేవాణ్ణి.

తల్లికి ఒంట్లో బాగోలేదని మా శ్రీకాకుళం క్లర్కు వారం సెలవు అడిగితే నాలుగు రోజులిచ్చాను. ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 300 కిలోమీటర్ల పైమాటే. జారవాల అడవిలో కాన్వాయ్ వేళకే కదలాలి. బారాటాంగ్ దగ్గర బస్సును పంటు మీద దాటిస్తారు. ఒక పగలంతా దానికే సరి, విమానం మర్నాడే. రాకపోకలకే నాలుగు రోజులు. అతను వెళ్లనే లేదు. ఆమె కోలుకున్నారు గానీ, నా తప్పు తప్పే.

అప్పటి నుంచి ఫిర్యాదులను మూడుగా విడదీస్తున్నాను. ఊరి దూరం వల్ల వచ్చినవైతే ముందే సర్దుబాటు: సెలవుల పట్టిక మూడు నెలల ముందే వేసి, దారి రోజులు కలుపుతాం. నెట్ ఆగితే ఖాతాదారులకు నేనే బయటికొచ్చి చెబుతాను. నా వల్ల వచ్చినవైతే నేనే మారాలి: సాయంత్రం మీటింగులు పొద్దుటికి మార్చాను. సిబ్బంది కొరత లాంటివైతే పై ఆఫీసుకు రాసి, వచ్చిన జవాబు అందరికీ చెబుతాను.

మీ ఇంట్లో ఎవరైనా విసిగి వస్తే “సర్కారు బ్యాంకు ఉద్యోగం, ఇంకేం కావాలి” అనకండి. ఇబ్బంది ఏమిటో, ఏ రోజు జరిగిందో అడగండి. ఇంట్లో చెప్పుకోగలిగినవాళ్లు శాఖలోనూ చెప్పుకోగలుగుతారు.