శ్రీతాళానికి చలికాలం గండం

డిసెంబరు వచ్చిందంటే ఆదిలాబాద్‌లో ఆడవాళ్ల పనులన్నీ ఓ గంట ఆలస్యంగా మొదలవుతాయి. పొద్దున్నే కుళాయి నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి మరి. అలాంటి చలిలో నేను మాత్రం ఐదున్నరకే లేచి, శాలువా కప్పుకుని, వెనక వరండాలో నాలుగు మొక్కల మీద కప్పిన గోనెపట్టాలు మంచుకి తడిశాయేమోనని తడిమి చూస్తూ ఉంటాను. మావారు దుప్పట్లోంచే "నీ పిల్లలు లేచారా?" అంటారు.

పిల్లలే అనుకోండి. ఆ నాలుగూ శ్రీతాళం మొక్కలు.

శ్రీతాళం అంటే మన తాటిచెట్టుకి పెద్దక్క లాంటిది. ఆకు విచ్చుకుంటే ఒక్కొక్కటి 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఓ కుటుంబమంతా దాని కింద వానకి తలదాచుకోవచ్చు. కేరళలో దాన్ని కుడప్పన అంటారు, అంటే గొడుగు తాడి అని. మన పెద్దలు తాళపత్ర గ్రంథాలు రాసుకున్నది మామూలు తాటాకు మీదే కాదు, ఈ శ్రీతాళం ఆకు మీద కూడా. తాటాకు మందంగా, కాస్త పెళుసుగా ఉంటుంది. శ్రీతాళపత్రం పల్చన, మెత్తన. గంటంతో గీసి, పైన మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. ఇప్పుడు మన వైపు ఈ చెట్టు చూద్దామన్నా దొరకడం కష్టం.

మా నాన్న తెలుగు మాస్టారు. కోనసీమలో మా ఇంట్లో తాతలనాటి ఆకుల కట్ట ఒకటి ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. ఏదో వైద్యం పుస్తకం. సగం పురుగు తినేసింది. ఏటా ఎండాకాలం నాన్న దాన్ని విప్పి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె రాసి మళ్లీ కట్టేవారు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఈ ఆకు చెట్టు మాత్రం ఎప్పుడూ చూళ్లేదే అమ్మడూ" అనేవారు. 2022లో గురువాయూరు యాత్రకి వెళ్లినప్పుడు చూశారు. చూశారంటే, ఎవరిదో పెరట్లో కాపు కాసి ఎండిపోయిన చెట్టుని. కింద రాలిన గింజలు తొమ్మిది ఏరి, రుమాల్లో మూటకట్టి, నేరుగా నా దగ్గరికే తెచ్చారు. మా అన్నయ్యకి ఇవ్వకుండా నాకెందుకిచ్చారో అడగలేదు. ఆయనా చెప్పలేదు.

గింజ గోలీకాయ కంటే కాస్త పెద్దది, రాయిలా గట్టిది. పూర్వం వీటితో పూసలూ, చొక్కా గుండీలూ చేసేవారట. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి పాతాను. తేగల పాతర వేసినవాళ్లకి తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. తాటి టెంక మొలక పైకి రాదు, ముందు నేలలోకి దిగుతుంది కదా, ఇదీ అంతే. కాడ ఒకటి గింజలోంచి బయల్దేరి లోతుకి దిగి, అక్కడ మొక్క తయారై, అప్పుడు ఆకు పైకి వస్తుంది. అందుకని దీనికి మామూలు పూలకుండీ చాలదు. వెడల్పు కాదు, లోతు కావాలి. నేను 15 కిలోల నూనె డబ్బాలకి అడుగున పది చిల్లులు పొడిపించాను. రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఇక్కడి నల్లరేగడి మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి. నీళ్లు పట్టుకుని వదలదు.

మూడున్నర నెలలు ఏమీ కనిపించలేదు. తవ్వి చూద్దామని చెయ్యి దురద పెట్టేది. నాన్న ఫోన్లో కోప్పడేవారు. చివరికి ఏడు మొలిచాయి. ఒక్కొక్కటీ కత్తిలాంటి ఒంటి ఆకు. సంబరపడేసరికి చలి దిగింది.

ఇక్కడి చలి సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి అర్థం కాదు. రాత్రి 6, 7 డిగ్రీలు. మధ్యాహ్నానికి 28. మళ్లీ రెండు రోజులు మబ్బూ, పొగమంచూ, సన్నటి తుంపర. ఇంతలో ఎండ. మనిషికే పడిశం పడుతుంది, కోస్తా ఉక్కలో హాయిగా పెరిగే జాతి మొక్కకి చెప్పాలా? నేను చేసిన మొదటి తెలివితక్కువ పని డబ్బాలకి పాలిథిన్ కవర్లు తొడగడం. చలి తగలదు కదా అనుకున్నాను. లోపల చెమట పట్టి, నీటిబొట్లు ఆకు వెంట జారి మధ్యలోకి దిగి, ఒక మొక్క నల్లబడి చచ్చిపోయింది.

"మొవ్వు తడిపావన్నమాట" అన్నారు నాన్న.

కోనసీమలో పుట్టిన నాకు ఆ మాట తెలియనిది కాదు. కొబ్బరికైనా తాటికైనా కొమ్మలుండవు. ప్రాణమంతా ఆ ఒక్క మొవ్వులోనే. గులాబీ కొమ్మ ఎండితే పక్కనుంచి ఇంకోటి చిగురిస్తుంది. దీనికి పక్క అనేదే లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో ఈ మొవ్వు కుళ్ళు తెగులు వచ్చి తాటిచెట్లు తోపులు తోపులుగా పోయాయి. బట్లర్ అనే శాస్త్రవేత్త పరిశోధించి, దానికి కారణం ఒక బూజు అని తేల్చాడు. చల్లదనం, తడి కలిస్తే ఆ బూజుకి పండగ. చలి ఒక్కటే అయితే మొక్క ఎదగడం మానేసి ఊరుకుంటుంది. చలికి తడి తోడైతేనే చస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిశాక కూడా నేను రెండు మొక్కల్ని పోగొట్టుకున్నాను.

2024 జనవరిలో నాన్న పోయారు. ఉన్నపళంగా బయల్దేరి వెళ్లాం. మావారూ పిల్లలూ నాలుగో రోజున వెనక్కి వచ్చేశారు, నేను పన్నెండో రోజు అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. మొక్కల మాట ఎవరికీ చెప్పలేదు. ఆ దుఃఖంలో గుర్తే లేదు. తిరిగొచ్చి వరండాలోకి వెళ్తే డబ్బాల కింద గచ్చంతా తడి. ఒక మొక్క మధ్య ఆకు లేతగోధుమ రంగుకి తిరిగి ఉంది. రెండు వేళ్లతో పట్టుకుంటే అలాగే చేతిలోకి ఊడి వచ్చింది. మొదట్లో పులిసిన వాసన. పక్కదీ అంతే.

మా పెద్దది అప్పుడు తొమ్మిదో తరగతి. దాని మీద గట్టిగా అరిచేశాను. అది ఏడుస్తూ, "తాతయ్య మొక్కలని రోజూ రాత్రి రెండేసి మగ్గులు పోశానమ్మా" అంది. నా నోట మాట రాలేదు. తప్పు దానిది కాదు. వేసవిలో నేనే దాన్ని రోజూ నీళ్లు పొయ్యమని పురమాయించేదాన్ని. ఏ కాలానికి ఎంత అన్నది చెప్పనిది నేనే.

అప్పటినుంచి చలికాలం నీళ్ల బాధ్యత దానికే అప్పజెప్పాను. ఇప్పుడు నాకంటే అదే గట్టి. కొత్త చీపురుపుల్ల నాలుగంగుళాలు మట్టిలోకి గుచ్చి తీస్తుంది. పుల్లకి మట్టి అంటుకుంటే నీళ్లు లేవు. డిసెంబరు, జనవరిల్లో ఒక్కోసారి పది రోజులకి గానీ పొయ్యం. అదీ పొద్దున పదింటికి, అరగంట ఎండలో పెట్టిన బకెట్టులోంచి, అంచు వెంబడి. మొవ్వు మీద చుక్క పడకూడదు. సాయంత్రం పోస్తే ఆ తడి రాత్రంతా చల్లబడుతూ వేళ్లని పట్టుకుంటుంది.

డబ్బాలు గచ్చు మీద పెట్టం, ఇటుకల మీద పెడతాం. గచ్చు చల్లదనం అడుగునుంచి ఎక్కుతుంది, చిల్లులూ మూసుకుపోతాయి. రేకు డబ్బా చలికి తొందరగా చల్లబడుతుంది కనుక చుట్టూ గోనె చుట్టి పురికొసతో కట్టాం. ఇప్పుడు మొక్కలు పెద్దవై 20 లీటర్ల పెయింటు బకెట్లలోకి మారాయి. మార్చింది కూడా జూన్‌లోనే, మట్టిముద్ద చెదరకుండా. చలిలో వేరు కదిపితే మళ్లీ నాటుకోదు. రాత్రి నాలుగు కర్రలు గుచ్చి, ఆకుకి తగలకుండా పైన గోనెపట్టా కప్పుతాం. ఎండ పడగానే తీసెయ్యాలి, బద్ధకించకూడదు. ఎరువులంటారా, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏమీ వద్దు. తినలేని బిడ్డకి ముద్దలు కుక్కినట్టే. కింది ఆకు పసుపు పచ్చబడితే చూడ్డానికి బాగాలేదని కత్తిరించేయకండి. అందులో మిగిలిన పొటాష్‌ని మొక్క కొత్త ఆకుకి లాక్కుంటుంది. పూర్తిగా ఎండాకే తియ్యాలి.

వారానికోసారి మొవ్వుని మెల్లగా లాగి చూడ్డం మర్చిపోను. గట్టిగా ఉంటే సరే. కాస్త వదులనిపించినా, మొదట్లో మచ్చ కనిపించినా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్లకి 3 గ్రాములు కలిపి మొవ్వులో పోసి, కాసేపాగి బకెట్టుని ఒరగబెట్టి నీళ్లు వంపేస్తాను. చేతికి కవరు తొడుక్కునే సుమా, ఆ పొట్లం పిల్లలకి అందకుండా అటక మీదే. ఫిబ్రవరిలో ఎండ ఒక్కసారిగా ముదురుతుంది. అప్పుడు మొక్కని నీడలోంచి నేరుగా డాబా మీదకి ఎక్కిస్తే ఆకు అట్లకాడతో కాల్చినట్టు అవుతుంది. రోజుకో గంట చొప్పున అలవాటు చెయ్యాలి. కోతులకి మాత్రం నా దగ్గర మందు లేదు.

ఇంతా చేసి ఏమిటి లాభం అని అడిగేవాళ్లున్నారు. ఈ చెట్టు నాటాక 30 నుంచి 80 ఏళ్ల మధ్య ఎప్పుడో ఒక్కసారే పూస్తుంది. తల మీద 6 మీటర్ల పైచిలుకు పూలగుత్తి, లక్షలాది పూలు. ఏడాదికి కాయలు పండి రాలతాయి, చెట్టు చచ్చిపోతుంది. బ్రెజిల్‌లో రియో డి జనైరో నగరంలో 1960ల్లో రాబర్టో బర్లె మార్క్స్ అనే ఉద్యానశిల్పి ఓ పార్కులో నాటించిన శ్రీతాళాలు 2025 చివర్లో పూశాయి. ఆయన 1994లోనే పోయాడు. ఆ వార్త మా పెద్దది ఫోన్లో చూపించింది. జనం తలెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను వంట మధ్యలో ఉన్నాను. పోపు మాడిందని మావారు అరిచేదాకా చూస్తూనే ఉన్నాను.

మాది అద్దె ఇల్లు. బ్యాంకు ఉద్యోగం, ఎప్పుడు బదిలీ అవుతుందో తెలీదు. బకెట్టులో ఎన్నాళ్లు? ఓ రోజు మా ఇంటి యజమానురాలు పెద్దమ్మ వరండాలో ఎండకి కూర్చుని, విసనకర్రంత అయిన ఆకుని వేలితో మీటుతూ అడిగింది.

"ఎన్నేండ్లకు పూస్తది బిడ్డా ఇది?"

"యాభై, అరవై ఏళ్లు పెద్దమ్మా."

"గప్పటిదాంక ఉంటవా నువ్వు?"

"నేనెక్కడుంటాను!"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా బాయికాడ గట్టు మీద ఒక మూల జాగ ఉన్నది. నీళ్లు నిల్వదు. ఒకటి ఆడ పెట్టు. మా మనుమడు జూస్తడు తియ్యి" అంది.

మొన్న ఆదివారం వెళ్లి చూసొచ్చాం. గట్టు ఎత్తుగానే ఉంది, ఉత్తరం గాలికి అడ్డంగా చింతచెట్టు. కాకపోతే మరీ దగ్గరైంది, ఇరవై అడుగులు ఇవతలికి గుర్తు పెట్టించాను. వచ్చే మృగశిరకి అక్కడ నాటాలి. ఆ తర్వాత కూడా రెండు చలికాలాలు రాత్రిళ్లు ఎవరో ఒకరు వెళ్లి కప్పాలి. పెద్దమ్మ మనవడికి గోనెపట్టా కట్టడం మా పెద్దది నేర్పుతోంది. వాడు పురికొస ముడి వేసినప్పుడల్లా ఊడిపోతోంది.

ఇవాళ మళ్లీ మబ్బేసింది. పుల్ల గుచ్చితే మట్టి అంటుకునే వచ్చింది. నీళ్లు పొయ్యలేదు.