శిక్షకు చదువుతో చుట్టరికం ఎలా కలిసింది?

ప్రశ్న: మా బిల్డింగ్‌లో ఉండే ఫిలిప్పీన్స్ స్నేహితురాలు ఇంట్లో శిక్ష పడితే ‘కస్తీగో’ అంటుంది. అది స్పానిష్ మాటట. స్పానిష్‌లో ‘కస్తిగార్’ అనే క్రియకు ఇంగ్లీషులో నాలుగైదు అర్థాలు కనిపించాయి. ఒక్క మాటకు అన్నెందుకు?
– ఏడో తరగతి విద్యార్థిని, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, దోహా

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. ముందు నీ స్నేహితురాలి మాట చూద్దాం. ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ 1565 నుంచి 1898 దాకా ఏలింది. మనకు ఉర్దూ ‘జరిమానా’ అబ్బినట్టే, అక్కడివాళ్ల టగాలోగ్ భాషకు ‘కస్తీగో’ అబ్బింది.

ఇక కస్తిగార్. టీచరు శిక్షిస్తే ఇంగ్లీషులో ‘పనిష్’. వారం రోజులు బయటికి వెళ్లొద్దని అమ్మ కట్టడి చేస్తే ‘గ్రౌండ్’. ఆటలో రిఫరీ చేసేది ‘పెనలైజ్’. కరువు ఒక ఊరిని పీడించినా స్పానిష్‌వాళ్లు కస్తిగార్ అనే అంటారు. ఇంగ్లీషు అక్కడ ‘అఫ్లిక్ట్’ అంటుంది. స్పానిష్ ఒకే మాటతో సరిపెట్టుకున్న చోట, ఆ కష్టం ఎవరివల్ల, ఎక్కడ కలిగిందో చూసి ఇంగ్లీషు మాట మారుస్తుంది. అందుకే అన్ని అర్థాలు.

ఈ మాట వేరు లాటిన్‌లో ఉంది. ‘కస్తుస్’ అంటే స్వచ్ఛమైన అని. దాన్నుంచి పుట్టిన ‘కస్తిగారె’కు సరిదిద్దడం అనే అర్థం ఉండేది. సరిదిద్దే పేరుతో తిట్టడం, కొట్టడం మామూలయ్యాక ఆ మాటలో దెబ్బే ముందుకొచ్చింది.

మన దగ్గరా అంతే. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే నేర్చుకోవడం, నేర్పడం. నీ హిందీ పుస్తకంలో ‘శిక్షా’ అంటే ఇప్పటికీ చదువే. తెలుగులో ఆ అర్థం ‘శిక్షణ’లో నిలిచింది, ‘శిక్ష’ మాత్రం దండన అయింది. మీ చుట్టూ వినిపించే అరబిక్‌లో ‘అదబ్’ అంటే మర్యాద, సాహిత్యం. అదే ధాతువు నుంచి వచ్చిన ‘తఅదీబ్’కు క్రమశిక్షణ నేర్పడం, శిక్షించడం రెండూ అర్థాలే.

ఎందుకిలా? చదువు చెప్పే చేతిలోనే బెత్తం ఉండేది కాబట్టి. మన వీధిబడుల్లో పాఠం అప్పజెప్పని కుర్రాడికి ‘కోదండం’ వేసేవారు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని వాడు వేలాడాలి. చేతులు లాగేస్తుంటే పాఠం బుర్రకెక్కుతుందా? వాడికి గుర్తుండేది ఆ నొప్పే. మాటకూ అదే గుర్తుండిపోయింది.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ కింద, బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇది చదివే అమ్మానాన్నలకూ ఒక మాట: శిక్ష వేసే ముందు, దానివల్ల పిల్లలు ఏం నేర్చుకుంటారో ఆలోచించండి. నేర్చుకునేదేమీ లేకపోతే ఆ శిక్ష అక్కర్లేదు.